ఎడమ వెనక డోరు

ఎరుపు వెలిసిపోవడంలో ఏదో అన్యాయం ఉంది. తెల్ల కారు పాతబడితే మాసినట్టుంటుంది, అంతే. నల్ల కారు పాతబడితే ఒళ్ళంతా గీతలు తేలతాయి. ఎర్ర కారు మాత్రం పాతబడేకొద్దీ ఎర్రగా ఉండటమే మానేస్తుంది. ముందు ఇటుక రంగులోకి దిగుతుంది, తర్వాత పెరట్లో ఎండకు వదిలేసిన ప్లాస్టిక్ బకెట్ రంగులోకి, చివరికి పెళ్ళిపందిరి గుడ్డలా ఒక నీరసమైన గులాబీలోకి.

దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం సులువే. ఒక వస్తువు మన కంటికి ఎర్రగా కనపడాలంటే దాని మీది రంగు ఎరుపుని వదిలేసి నీలాన్నీ ఆకుపచ్చనీ మింగాలి. ఎక్కువ శక్తి ఉన్నది నీలం వైపు కాంతిలోనే. దాన్ని రోజూ మింగుతూ ఉంటే, చాలా ఎరుపుల్లో రంగునిచ్చే సేంద్రియ అణువులు మెల్లగా తెగిపోతాయి. రంగుని పట్టి ఉంచే రెజిన్ కూడా ఎండకీ గాలికీ ఆక్సీకరణం చెంది పైపైన పొడి కడుతుంది. నున్నటి ఉపరితలం కాంతిని అద్దంలా ఒకే దిక్కుకి తిప్పి కొడుతుంది. పొడి కట్టిన ఉపరితలం అన్ని దిక్కులకీ చెదరగొడుతుంది. ఆ చెదిరిన తెల్లటి కాంతి ఎరుపుతో కలిస్తే మనకి కనపడేది గులాబీ. అంటే కారు గులాబీ రంగులోకి మారిందని మనం అనుకునేదాంట్లో సగం రంగు మార్పు కాదు, పైనున్న పొర గరుకుదనం. ఈ సగం సంగతి తెలిస్తే పాత కారు మీద ఆశ పుడుతుంది. మిగతా సగం సంగతి పాలిష్ మొదలుపెట్టాక తెలుస్తుంది.

మాది 1999 మోడల్ మారుతి 800, ఏపీ 20 నంబరు. నాన్న ఖమ్మంలో హైస్కూల్ లెక్కల మాస్టారు. జీపీఎఫ్ లోన్ పెట్టి కొన్నారు. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీలో ఒకాయనకి అందాయి; పదహారేళ్ళకి అది మా వీధికి చేరింది. ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి కారంటే అదే. హైదరాబాద్‌లో ఆ కారు అమ్మకం 2010లో, భారత్ స్టేజ్-4 నిబంధనలొచ్చినప్పుడు ఆగిపోయింది. తయారీయే 2014 జనవరితో ఆగింది. అదే ఏడాది మా కారుకి పదిహేనేళ్ళు నిండి మొదటిసారి ఆర్సీ రెన్యువల్ చేయించారు. తర్వాత 2019, తర్వాత 2024. ఐదేళ్ళకోసారి నాన్న దాన్ని ఆర్టీవో ఆఫీసుకి, తన పాత విద్యార్థిని పరీక్షకి తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్తారు. ప్రతిసారీ పాసైంది.

పోయిన జనవరిలో నాన్నకి శుక్లాల ఆపరేషన్. ఖమ్మంలో చేయించుకుంటానంటే వద్దని కారులోనే ఇద్దరం కొండాపూర్ వచ్చేశాం, నేనే నడిపాను. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో అది చేరేసరికి చుట్టూ అన్నీ తెల్లవీ, బూడిదవీ, నల్లవీ. ఎస్‌యూవీల మధ్య దాని ఎత్తు వాటి నడుం దాకా వస్తుంది. వాచ్‌మన్ మొదటి రోజు దాన్ని ఎవరో వదిలేసి పోయారనుకుని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు.

కుడికన్ను ముందు, మూడు వారాలకి ఎడమ కన్ను. రెండోది అయ్యాక నాలుగైదు రోజులకి నాన్న లిఫ్టు దిగి కారు దగ్గరికి వెళ్ళి, చుట్టూ ఒకసారి తిరిగి, పైకొచ్చి అన్నారు: “పెయింటింగ్ వేయించాలిరా. మొత్తం.”

శుక్లం కూడా ఇదే లెక్క. కంటి కటకంలోని ప్రోటీన్లు ముద్దలు కట్టి కాంతిని చెదరగొడతాయి, కటకం పసుపుబారుతుంది. ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదు. క్లోడ్ మోనేకి 1923లో ఆపరేషన్ అయ్యాక తను అప్పటిదాకా ఏ రంగులు వేశాడో చూసుకుని బెంబేలెత్తి కొన్ని చిత్రాలు మళ్ళీ దిద్దాడంటారు. కారు మీదా పొరే, కంటి మీదా పొరే అని ఇక్కడ ఒక వాక్యం రాయబుద్ధవుతుంది. రాయను. పుస్తకాల మీద రాసేటప్పుడు కూడా, పోలిక ఇంత తేలిగ్గా అమరిపోతే నేను కొంచెం అనుమానంగా చూస్తాను. పైగా నాన్న చూసింది నేననుకున్న పొరని కాదని తర్వాత తేలింది.

మొదట షాపులకి తిరిగాం. ఐటీ కారిడార్‌లో ఇప్పుడు టిఫిన్ సెంటర్ల తర్వాత అంత విరివిగా కనిపించేవి డీటెయిలింగ్ స్టూడియోలే. తెల్లటి ఎల్ఈడీ లైట్ల కింద ఒక కారు, దాని చుట్టూ నల్ల టీషర్టుల్లో నలుగురు. ఒక చోట సెరామిక్ కోటింగ్ అన్నారు. అది సిలికా ఆధారంగా చేసే పారదర్శకమైన పూత. బాగున్న పెయింట్‌ని బాగా ఉంచుతుంది, పాడైన పెయింట్ మీద వేస్తే ఆ పాడునే భద్రంగా దాస్తుంది. ఇంకో చోట కారు వైపు చూడకుండానే మొత్తం రీపెయింట్ అని కొటేషన్ ఇచ్చారు. ఆ అంకె, ఖమ్మంలో ఎవరైనా ఆ కారుకి ఇవ్వగల ధర కన్నా పెద్దది. నాన్న సరేననేలా ఉన్నారు. ఐదు రూపాయల టీకి కూడా బేరమాడే మనిషి! నాకు అప్పుడే విచిత్రంగా తోచింది.

నాకు రీపెయింట్ ఇష్టం లేదు. చౌమహల్లా పాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశారా? 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఆర్డరిచ్చారు, అది వచ్చేలోపే 1911లో ఆయన పోయారు. ఇప్పుడది అద్దాల గదిలో నిన్న డెలివరీ అయినట్టు మెరుస్తుంటుంది. చూసిన ప్రతిసారీ నాకు, పీఠికా పాఠాంతరాలూ లేకుండా వర్ణక్రమం మొత్తం నేటి పద్ధతికి మార్చేసి అచ్చేసిన పాత కావ్యం గుర్తొస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో చెప్పేవాళ్ళుండరు. కార్ల ప్రపంచం ఈ విషయంలో మన ప్రచురణకర్తల కంటే నయం. అమెరికాలో పెబుల్ బీచ్‌లో జరిగే పాత కార్ల ప్రదర్శనలో, రంగు మార్చకుండా ఉన్నది ఉన్నట్టు కాపాడిన కార్లకి వేరే విభాగమే పెట్టారు. మా మారుతిని పెబుల్ బీచ్‌కి పంపే ఉద్దేశం నాకేమీ లేదు. కానీ 1999లో ఫ్యాక్టరీలో పడిన రంగు ఇంకా దాని మీద ఉందా లేదా అన్నది తేల్చకుండా ఇసుక కాగితం పెట్టి గీకించడానికి మనసొప్పలేదు.

మా అపార్ట్‌మెంట్‌కి వారానికి రెండుసార్లొచ్చి కార్లు పాలిష్ పట్టే కుర్రాడొకతను ఉన్నాడు. ఖమ్మం దగ్గరి పల్లె. కార్లలోకి రాకముందు మూడేళ్ళు గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్ళకి పాలిష్ పట్టాడు. ఖమ్మం చుట్టూ నల్ల గ్రానైట్ యూనిట్లు చాలా ఉన్నాయని తెలిసిందే కదా. ముతక రాయితో మొదలుపెట్టి, గీతల్ని ఇంకా సన్న గీతలతో చెరుపుకుంటూ పోవడం, చివరికి గీతలు కంటికి ఆననంత సన్నబడితే దాన్నే మెరుపు అనడం: రెండు పనుల్లోనూ సూత్రం ఒకటేనన్నాడు. “కానీ రాయి అయితే ఎంత అరగదీసినా కింద రాయే ఉంటది సార్. ఇక్కడ కింద రేకు.”

ఈ మాట నాన్నకి బాగా నచ్చింది. ఆ శని ఆదివారాల్లో ఆయన కుర్చీ వేసుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని, మా ఇద్దరి పనీ పర్యవేక్షించారు.

మొదట కడగడం. దానికే పొద్దుట రెండు గంటలు పట్టింది. అసోసియేషన్ వాళ్ళు పైపు వాడనివ్వరు, రెండు బకెట్లు మాత్రం. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్ళు. రెండో బకెట్ ఎందుకంటే, ఈ ప్రాంతంలో గాల్లో ఉన్నదంతా రాతిపొడే. కోకాపేట నుంచి నానక్‌రామ్‌గూడ దాకా గుట్టలు పేల్చి పునాదులు తీస్తున్నారు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, దాని గట్టితనం మోస్ కొలబద్ద మీద 7. కారు పెయింట్ దాని ముందు వెన్న. పొడిగుడ్డతో దుమ్ము దులపడం అంటే కారుకి రోజూ ఇసుక కాగితం పెట్టడమే. ఎండలో చూస్తే కనపడే ఆ సాలెగూడు గీతలు చాలావరకు మనం ప్రేమగా తుడిచినవే. చివరి జాడింపుకి మాత్రం ఇంట్లో ఆర్వో నీళ్ళు పట్టుకొచ్చాను. ఇక్కడి బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు ఆరితే తెల్లటి ఉప్పు చుక్కలు మిగులుతాయి. బానెట్ మీద అవి గట్టిపడితే వెనిగర్ పెట్టి బతిమాలాలి.

తర్వాత క్లే. చపాతీ పిండి ముద్దలా ఉండే ఒక జిగురు మట్టి. సబ్బునీళ్ళు చల్లి పెయింట్ మీద జరుపుతూ పోతే, కడిగినా పోని ఇనుపరజనూ తారు చుక్కలూ దానికి అంటుకొస్తాయి. ముందు గర్రుమని చప్పుడు చేస్తుంది, శుభ్రపడేకొద్దీ చప్పుడు ఆగిపోతుంది. చెవితో చేసే పని ఇది. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

అప్పుడు బానెట్ మీద ఒక మూల జానెడు మేర టేపు అంటించి, అందులో తెల్లగుడ్డ మీద కొంచెం కాంపౌండ్ వేసి చేత్తో రుద్దాం. గుడ్డ ఎర్రబడింది. మంచి వార్త. కొత్త కార్లలో రంగు పొర మీద క్లియర్ కోట్ అని రంగులేని పొర ఉంటుంది. అది పొలుసులుగా లేచిపోతే ఎంత పాలిష్ చేసినా లాభం లేదు, మళ్ళీ వేయించడమే. మా కారుది పాత పద్ధతి, రంగూ మెరుపూ ఒకే పొరలో. పైనున్న చచ్చిన పొర లేస్తే కింద బతికున్న ఎరుపు ఉంటుంది. టేపు తీశాక చూస్తే ఆ జానెడు చదరం పచ్చి మిరపపండులా ఉంది. దాని చుట్టూ అంతా గులాబీ.

నాన్న లేచొచ్చి ఆ చదరాన్ని వేలితో తాకి చూశారు. “ఇదేరా,” అన్నారు. “షోరూంలో చూసింది ఇదే.”

ఇక మిషన్ పెట్టబోయే ముందు ఎంత పెయింట్ ఉందో కొలవాలి. నేను ఆన్‌లైన్లో ఒక మీటరు తెప్పించాను. అయస్కాంత పద్ధతిలో రేకుకీ తనకీ మధ్య ఎంత దూరముందో మైక్రాన్లలో చెబుతుంది. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. టాప్ మీద 88. బానెట్ 81. డిక్కీ 93. కుడి డోర్లు 96, 98. ఇందులో తుప్పు పట్టకుండా వేసే అడుగు పొర, ప్రైమరు పోగా అసలు రంగు ఏ నలభయ్యో. ఒక్కో విడత పాలిష్‌కి ఒకటో రెండో పోతాయి. అంచుల దగ్గర, రేకు మడత తిరిగే చోట ఇంకా పలచన. నాన్న ఒక పాత కవరు మీద ఈ అంకెలన్నీ రాసుకుంటూ కూర్చున్నారు, సరాసరి కట్టడానికి. ఎడమవైపు ముందు డోరు 97.

ఎడమ వెనక డోరు 412.

మీటరు తప్పు చూపిస్తోందనుకుని రేకుముక్క మీద సున్నా చేసుకుని మళ్ళీ పెట్టాను. 405. కింది భాగంలో 630. కుర్రాడు ఓసారి నా వైపు చూసి ఏమీ అనలేదు. చిన్న మూలలో కాంపౌండ్ రుద్దాడు. గుడ్డ తెల్లగానే ఉంది. అంటే ఆ డోరు మీద క్లియర్ కోట్ ఉంది, దాని కింద లప్పం ఉంది. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు కాదు.

పాత గ్రంథాల మీద పనిచేసేవాళ్ళకి ప్రక్షిప్తం అనే మాట ఉంది. మూలంలో లేనిది, తర్వాత ఎవరో చేర్చింది. ఛందస్సు సరిపోతుంది, కథ సాగిపోతుంది, చదివేవాడు ఆగడు. తాళపత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని కూర్చోబెట్టి చేయించింది చాలావరకు ఈ పనే. మా ఆఫీసులో దీనికి గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ ఉంది. ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో చెబుతుంది. ఎందుకు రాశారో మాత్రం చెప్పదు. దానికి రాసినవాణ్ణే అడగాలి.

“నాన్నా, ఈ డోరెప్పుడు మార్చారు?”

ఆయన కవరు మీద 412 వేయలేదు. పెన్ను మూత పెట్టారు. “అందుకే మొత్తం వేయించెయ్యమన్నా,” అన్నారు.

ఆయన ఒకేసారి చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలప్పుడు కొంత, సాయంత్రం కుర్రాడు వెళ్ళిపోయాక కొంత. 2007, వర్షాకాలం. నేను ఇంజనీరింగ్ సెకండియర్. ఈ చదువు నాకొద్దు, తెలుగు ఎం.ఏ. చేస్తానని ఇంట్లో గొడవ పెట్టుకున్న సెలవులు అవి. చివరికి ఇద్దరూ కలిసి నన్ను కార్లో తీసుకొచ్చి హాస్టల్లో దింపారు. తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మ ముందు సీట్లో కూర్చోలేదట. వెనక, ఎడమ పక్కన కూర్చుందట. “వాడి ఇష్టానికి వదిలేయొచ్చుగా” అని ఆవిడ, “నీకేం తెలుసు” అని ఈయన, చౌటుప్పల్ దాకా అదే. తర్వాత మాటల్లేవు. సూర్యాపేట దాటాక చీకట్లో, వానలో, పక్క రోడ్డు నుంచి ట్రాక్టరొకటి లైట్లు లేకుండా వచ్చి గుద్దింది. ఎడమ వెనక డోరు లోపలికొచ్చింది. అమ్మ ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది.

ఆ దసరాకి నేను ఇంటికెళ్ళినప్పుడు అమ్మ చేతికి కట్టు ఉంది. బాత్రూంలో జారి పడ్డానంది. నేను నమ్మాను, బాత్రూములు జారతాయి. ఆ ఆదివారమే బకెట్లు పెట్టడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు కొనుక్కొచ్చిన గుర్తు. అది ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు ఆ వారమే సామాను సర్దుకుని వచ్చేసేవాడివి. మీ అమ్మే చెప్పొద్దంది.” కాసేపాగి, “నాక్కూడా చెప్పుకోవాలని లేదులే,” అన్నారు.

ఈ పద్దెనిమిదేళ్ళలో ఆ డోరు మిగతా కారులో కలిసిపోయిందనే ఆయన అనుకున్నారు. కొన్నాళ్ళు నిజంగానే కలిసి ఉంటుంది, ఆ తర్వాత కళ్ళు మసకబారాయి. ఎడమ కన్ను పట్టీ తీశాక బేస్‌మెంట్ ట్యూబ్‌లైటు కింద ఆయన చూసింది కారు గులాబీ రంగుని కాదు, గులాబీ కారులో ఒక ఎర్ర తలుపుని.

నాకు ఆ రాత్రి పెద్దగా నిద్ర పట్టలేదు. బాధ అనను. ఏదో లెక్క సరిచూసుకోవడం లాంటిది. నేను ఆ చదువు పూర్తి చేశాను, ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, ఎం.ఏ. చెయ్యలేదు, ఖాళీ దొరికినప్పుడు పుస్తకాల మీద వ్యాసాలు రాసుకుంటున్నాను. ఆ దసరా సెలవుల తర్వాత మా ఇంట్లో ఎం.ఏ. మాట మళ్ళీ రాలేదు. నేను ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు. నేను ఎందుకు ఎత్తలేదో నాకు తెలుసు: హాస్టల్లో ఒక స్నేహితుల గుంపు దొరికింది. వాళ్ళెందుకు ఎత్తలేదో తెలుసనుకునేవాణ్ణి.

ఆదివారం మిషన్ పని. ముందు నూనె ఎక్కువుండే పాత తరహా గ్లేజ్ పట్టించి రాత్రంతా వదిలేశాం. ఎండిపోయిన పెయింట్‌ని నేరుగా రాపిడికి గురిచేయకూడదు. తర్వాత ఊన్ని ప్యాడ్ కాదు, ఫోమ్ ప్యాడ్. వేడెక్కకుండా రెండడుగులు రెండడుగుల చొప్పున. కాంపౌండ్‌లో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ గింజలు. రుద్దేకొద్దీ అవే అరిగి సన్నబడతాయి కాబట్టి మధ్యలో ఆపకూడదు. ప్యాడ్లు రక్తంలో ముంచినట్టయ్యాయి. వాచ్‌మన్ రెండుసార్లొచ్చి చూసిపోయాడు. అంచుల దగ్గర మిషన్ పెట్టలేదు, చేత్తోనే. టాప్ మీద ఒక చోట లోపలి ప్రైమరు బూడిద రంగు నీడలా తగులుతోందనిపిస్తే అక్కడితో ఆపేశాం. ఆ మచ్చ ఉంది. చివర కార్నూబా మైనం, బ్రెజిల్ తాటాకుల మీద పుట్టేది, చేత్తో పలచగా.

సాయంత్రానికి కారు ఎర్రగా ఉంది. ఎడమ వెనక డోరు తప్ప.

ఇది మేం ముగ్గురం ఊహించలేదు. గులాబీ కారులో ముదురుగా కనపడిన తలుపు ఇప్పుడు ఎర్ర కారులో లేతగా, కొంచెం నారింజ వైపుకి, కనపడుతోంది. కుర్రాడే తేల్చాడు. 2007లో ఆ డోరుకి రంగు వేసిన పెయింటర్ కంపెనీ కోడ్ చూసి కలపలేదు. పక్క డోరు చూసుకుంటూ కంటితో కలిపాడు. అప్పటికే ఎనిమిదేళ్ళ ఎండ తిన్న కారు అది. ఎంత వెలిసిందో అంతకే సరిగ్గా కలిపాడు, చెయ్యి తిరిగిన పెయింటర్. పైన క్లియర్ కోట్ వేశాడు కాబట్టి ఆ రంగు అక్కడే నిలబడిపోయింది. చుట్టూ ఉన్న కారు ఇంకా వెలుస్తూ పోయింది, ఇప్పుడు మేం దాన్ని 1999కి తీసుకెళ్ళాం. ఆ తలుపు మాత్రం 2007 వర్షాకాలంలో కారు ఏ రంగులో ఉందో ఆ రంగులోనే ఉంది.

“ఒక్క డోరే కదా సార్, కోడ్ పెట్టి కలిపిస్తే ఒక్క రోజు పని,” అన్నాడు కుర్రాడు. మియాపూర్ అవతల తెలిసిన షెడ్డుందట. నాన్న నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. అమ్మకి వీడియో కాల్ చేశాం. ఫోన్ని కారు చుట్టూ తిప్పి చూపించాను. బానెట్ చూసి “అబ్బో” అంది. ఎడమవైపుకి వచ్చాక ఏమీ అనలేదు. నాన్న, “వాడికి చెప్పేశానే,” అన్నారు.

“దేని గురించి?”

“డోరు.”

ఆవిడ కాసేపు ఊరుకుంది. వెనకాల టీవీ సీరియల్ వినపడుతోంది. “వాన పడితే ఇప్పటికీ లాగుతుంది ఆ చెయ్యి,” అంది. మళ్ళీ తనే, “ఆ డోరు గట్టిగా వేస్తే తప్ప పడదు, రంగుకేం గానీ ముందది చూడమను. కళ్ళలో మందు వేసుకున్నావా?” అంది.

నిజమే, గట్టిగా వేస్తే తప్ప పడదు. ఇంజనీరింగ్ అయ్యాక ఇంటికెళ్ళినప్పుడల్లా నేను ఆ తలుపు రెండుసార్లు వేసేవాణ్ణి, పాత కారు కదా అని. కుర్రాడు లోపలి లాక్ ప్లేటు రెండు స్క్రూలు వదులు చేసి, ఒక నూలువాసి జరిపి, బిగించాడు. రంగు సంగతి అక్కడితో ఆగింది. వేయించలేదు, వేయించొద్దనీ ఎవరూ అనలేదు.

డాక్టరు బండి నడపొచ్చన్నాక మార్చిలో నాన్న ఒక్కరే కారు తీసుకుని బయల్దేరారు. వద్దంటే వినలేదు. కొత్త కళ్ళతో రోడ్డు చూడాలన్నారు. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా సూర్యాపేట నుంచి ఫోన్. గుండె ఝల్లుమంది. బయటికొచ్చి ఎత్తాను.

“ఒరే, టీకి ఆగా. చెట్టు కింద పెట్టాను బండి. కాకి బానెట్ మీద రెట్ట వేసింది. తుడిచెయ్యనా?”

“వద్దు నాన్నా, ఆమ్లం ఉంటుంది గానీ పొడిగా తుడిస్తే గీతలు పడతాయి. నీళ్ళు పొయ్యి. బాటిల్ నీళ్ళు, మెల్లగా. నానాక గుడ్డతో ఎత్తు.”

“రుద్దొద్దా?”

“రుద్దొద్దు.”

లైన్లోనే ఉండి పోశారు. బాటిల్ మూత తీసిన చప్పుడు, పక్కన లారీల హారన్లు, ఎవరో “ఏ మోడల్ సార్ ఇది?” అని అడగడం, నాన్న “తొంభై తొమ్మిది” అని చెప్పడం వినపడింది.